కారణం రాయవలసిన గడి

ఆ రోజు పొద్దున్న ఏడింటికి అక్కయ్య వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిది దాకా పాపను ఒళ్ళో పెట్టుకుని యూనివర్సిటీ లైబ్రరీ వెబ్‌సైట్‌లో పది ఆధారాలు వెతకడం. తర్వాత పాపను అత్తగారి చేతిలో పెట్టి బస్సెక్కడం. పదకొండింటికి లైబ్రరీలో కూర్చుని వాటిని చదవడం. మూడింటికల్లా జాబితా రాసేసి, నాలుగింటికి మాస్టారి బల్ల మీద పెట్టడం. కాగితం మీద రాసుకుంటే పాలసీసా కడిగినంత తేలిగ్గా కనిపించింది.

అక్కయ్య అంటే ఆమె నిజంగా ఎవరికీ అక్కయ్య కాదు. తొమ్మిదేళ్ళ క్రితం రెండో ఏడాదిలో ఆపేసిన డిగ్రీని మళ్ళీ అందుకుందామని చేరితే, క్లాసులో ఉన్న పందొమ్మిదేళ్ళ పిల్లలంతా మొదటిరోజే "అక్కయ్యా" అని పిలిచారు. మురిసిపోవాలో ఏడవాలో తెలియక రెండూ కొంచెం కొంచెం చేసింది. యూనివర్సిటీ వాళ్ళు ఆమెను ఒక షరతు మీద చేర్చుకున్నారు. మొదటి పని గడువులోగా ఇవ్వకపోతే సీటు రద్దు. ఆ షరతు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో, పాప టీకాల కార్డు పక్కనే దాచుకుంది. రోజుకొకసారి తీసి చదువుకుని, సరిపడా భయపడి, మళ్ళీ మడిచి పెట్టేది.

మొదటి పని ఏమిటంటే, నచ్చిన విషయం ఒకటి తీసుకుని దాని మీద పది ఆధారాల జాబితా ఇవ్వడం. తొమ్మిది పీర్ రివ్యూ అయిన వ్యాసాలు, ఒక అచ్చు పుస్తకం. ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకుని చూసి పేజీ నంబరు వేయాలి. అది మాస్టారి సొంత నియమం. తెర మీద చూసినవాళ్ళు చదివినట్టు నటిస్తారని ఆయన నమ్మకం. అక్కయ్య పసిపిల్లల నిద్ర అనే విషయం తీసుకుంది. పదకొండు నెలల బుజ్జి నిద్రపోవడం లేదు కాబట్టి ఆ ఇంట్లో వేరే విషయమేదీ మిగల్లేదు.

మాస్టారి పేరు క్లాసులో ఎవరూ పలకరు. ఎర్రపెన్ను అంటారు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒకటే పెన్ను, ఎర్రది. హాజరు కూడా దానితోనే వేస్తారు. ఎవరైనా గడువు పెంచమని వెళ్తే "కారణం?" అంటారు. కారణం చెప్తే "ఆధారం?" అంటారు. ఆధారం చూపించినవాళ్ళు ఇంతవరకూ లేరు.

ఏడుంబావుకి అక్కయ్య వెతుకులాట గడిలో "నిద్ర" అని కొట్టింది. నాలుగు లక్షల పన్నెండు వేల ఫలితాలు వచ్చాయి. ఇంతమంది నిద్ర గురించి రాస్తూ కూర్చున్నారంటే వీళ్ళ ఇళ్ళల్లోనూ ఎవరూ పడుకోవడం లేదన్నమాట అనుకుని కాస్త ధైర్యం తెచ్చుకుంది. కొన్నింటి పక్కన నీలిరంగులో "కావాలి" అని ఒక బటన్ ఉంది. కొన్నింటి పక్కన లేదు. బటన్ లేనివి అంత మంచివి కావేమోలే అని వదిలేసింది. ఉన్నవాటిని కూరగాయల దుకాణంలో చేసినట్టే చేసింది. ముందు బుట్టలో వేసుకోవడం, ఏరడం తర్వాత. తను ఇరవై దాకా నొక్కింది. మిగతావి బుజ్జి నొక్కింది. బుజ్జికి నీలిరంగంటే ఇష్టం.

"ముప్ఫై ఏడు అభ్యర్థనలు" అని చూపించి, కింద ఒక గడి తెరుచుకుంది. "కారణం రాయవలెను." గడి పెద్దదిగా, తెల్లగా, ఖాళీగా ఉంది. పదకొండు నెలలుగా తనని ఎవరూ ఇంత నెమ్మదిగా కారణం అడగలేదు. అక్కయ్యకి కళ్ళు చెమ్మగిల్లాయి. అవతల ఎవరో లైబ్రరీ ఆవిడ కూర్చుని చదువుతుందనుకుని రాసుకుంటూ పోయింది.

"అమ్మా, నమస్కారం. ఇవాళ నాలుగింటిలోగా ఆధారాలు ఇవ్వకపోతే నా సీటు పోతుంది. తొమ్మిదేళ్ళ తర్వాత దొరికిన సీటు. మా పాప నలభై నిమిషాలకి మించి పడుకోదు. అందుకని నేనూ పడుకోను. గడువు అడుగుదామంటే మా మాస్టారు ఎర్రపెన్ను. ఆయన్ని చూస్తే నాకు పళ్ళొచ్చే పిల్లకి వచ్చినట్టు జ్వరం వస్తుంది. ఆయన ఇంట్లో కూడా ఎవరూ నవ్వరని మా క్లాసు పిల్లలు చెప్పుకుంటారు. దయచేసి ఇది మన మధ్యే ఉంచండి."

కింద "అన్నిటికీ ఇదే కారణం" అని ఉంటే అక్కడ కూడా టిక్కు పెట్టి, పని అయిపోయిందన్న సంతోషంతో పాపను అత్తగారికి అప్పజెప్పింది.

"నీ చదువు నువ్వు చదువుకో, పిల్ల సంగతి నేను చూసుకుంటా," అంది అత్తగారు. "రేపు నా కళ్ళ పరీక్ష ఉంది. ఇవాళంతా ఖాళీయే."

పదకొండింటికి లైబ్రరీలో అడుగుపెట్టేసరికి సహాయం బల్ల దగ్గర టెలిఫోను మోగుతోంది. కళ్ళజోడుకి గొలుసు వేలాడేసుకున్న లైబ్రేరియన్ దాన్ని ఎత్తి, "అవునండీ, ఇవాళే. అవును, ఆవిడ రాసిందే," అని పెట్టేసింది. అది మళ్ళీ మోగింది. అక్కయ్య తన కార్డు బల్ల మీద పెట్టి, "పొద్దున్న ముప్ఫై ఏడు వ్యాసాలు అడిగానండీ, ఎక్కడ చదువుకోవాలి?" అంది.

లైబ్రేరియన్ కార్డు చూసింది. ఆమెను చూసింది. మళ్ళీ కార్డు చూసింది.

"నువ్వేనా తల్లీ," అంది. "కూర్చో. మంచినీళ్ళు కావాలా?"

మంచినీళ్ళు ఇచ్చారంటే వార్త మంచిది కాదని అక్కయ్యకి ఆస్పత్రి అనుభవం.

"అవి వ్యాసాలు కావమ్మా, పుస్తకాలు. షెల్ఫులో ఉన్న పుస్తకానికి ఆ బటన్ రాదు. ఎవరో ఇంటికి తీసుకెళ్ళిన పుస్తకానికే వస్తుంది. అది నొక్కితే, 'మరొకరికి అత్యవసరంగా కావాలి, ఇవాళే తెచ్చివ్వండి' అని వాళ్ళకి మెయిల్ వెళ్తుంది. కారణంతో సహా."

"కారణం మీరు చదువుతారు కదండీ?"

"నేను చదవను. పుస్తకం ఎవరి దగ్గరుంటే వాళ్ళు చదువుతారు. నువ్వు ఎట్లా రాస్తే అట్లాగే వెళ్తుంది."

"మొత్తమా?"

"'మన మధ్యే ఉంచండి' దాకా. ముప్ఫై ఏడుగురికి."

అక్కయ్య మంచినీళ్ళు తాగింది. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా తాగుతూనే ఉంది. తర్వాత అడగకూడని ప్రశ్న అడిగింది.

"ఆ ముప్ఫై ఏడుగురిలో మా మాస్టారు ఉన్నారా?"

లైబ్రేరియన్ తెర తిప్పి చూపించింది. ముప్ఫై ఏడింటిలో నిజంగా పసిపిల్లల నిద్ర గురించిన పుస్తకం ఒక్కటే. అది ఎర్రపెన్ను మాస్టారి పేరు మీద ఉంది. తీసుకెళ్ళి పదకొండేళ్ళయింది.

"మాస్టర్లకి ఆ సదుపాయం ఉందమ్మా. ఇంకొకరు అడగనంతవరకూ పుస్తకం దానంతటదే వాళ్ళ పేరు మీద కొనసాగుతూ ఉంటుంది. ఎవరైనా అడుగుతారేమోనని పదకొండేళ్ళుగా చూస్తున్నా," అంది లైబ్రేరియన్. ఆ గొంతులో దాచుకున్న సంతోషం అక్కయ్యకి ఆ క్షణంలో వినిపించలేదు.

అక్కయ్య కళ్ళకి తెర మీద ఒకటే కనిపించింది. "రద్దు" అనే బటన్. లైబ్రేరియన్ మోగుతున్న ఫోను ఎత్తేలోపు చెయ్యి చాపి నొక్కేసింది. మళ్ళీ ఒక గడి తెరుచుకుంది. "రద్దుకు కారణం రాయవలెను." టకటకా రాసింది: "పొద్దున్న వెళ్ళిన ఉత్తరం పొరపాటు. అది మాస్టారు చదవకూడదు. దయచేసి ఎవరూ చదవొద్దు. చదివినా ఎర్రపెన్ను అన్న మాట మర్చిపోండి." అన్నిటికీ ఇదే కారణం. టిక్కు.

ఫోను పెట్టేసి తిరిగి చూసిన లైబ్రేరియన్ గొలుసు పట్టుకుని అలా నిలబడిపోయింది.

"నొక్కేశావా?"

"రద్దు చేశానండీ. ఇక భయం లేదు."

"ఉత్తరం వెంటనే వెళ్తుందమ్మా. రద్దు మాత్రం నేను ఒప్పుకుంటేనే. పొద్దున్నది తెరిచినవాళ్ళు ఇరవై మందే. మిగతా పదిహేడు మందీ ఇప్పుడు తెరుస్తారు. చదవొద్దన్నావు కదా."

"మరి ఒప్పుకోండి."

"ఒప్పుకోను," అంది లైబ్రేరియన్ నెమ్మదిగా. "పుస్తకాలు రానీ."

పుస్తకాలు రావడం పన్నెండింటికి మొదలైంది. మొదట పట్టుపురుగుల విభాగం నుంచి ఒకావిడ పట్టుపురుగుల నిద్ర మీద లావుపాటి పుస్తకం తెచ్చి, దాన్ని బల్ల మీద పెట్టకుండా అక్కయ్యని చూసి, "నువ్వేనా? మా రెండోవాడూ ఇంతే. కిటికీ వైపు తల పెట్టించు," అంది. ఆవిడ వెనక ఎలుగుబంట్ల చలికాలపు నిద్ర మీద పుస్తకంతో ఒక పొడవాటి ఆయన వచ్చి, కిటికీ వైపు కాదు, గోడ వైపు అన్నాడు. ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. మూడో ఆయన సైనికుల నిద్ర పుస్తకం ఇచ్చి, తనకి పిల్లలు లేరు గానీ తన పిల్లి విషయంలో ఒకటి గమనించానన్నాడు. ఒంటిగంటకల్లా బల్ల ముందు పదకొండు మంది వరస కట్టారు. పుస్తకం ఇచ్చేసినవాళ్ళు కూడా వెళ్ళడం లేదు. ఎర్రపెన్ను ఎప్పుడొస్తారో అని చూస్తున్నారు.

అక్కయ్య జాబితాలో అప్పటికి ఆధారాలు సున్నా.

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. అత్తగారు.

"అమ్మాయ్, కంగారు పడకు."

అక్కయ్య కంగారు పడింది.

"రేపటి పరీక్ష ఇవాళే చేసేస్తాం రమ్మని కళ్ళ డాక్టరు ఫోన్ చేశాడే. సర్లే అని పిల్లని చంకనేసుకుని వచ్చా. కళ్ళల్లో చుక్కలేశారు. ఇప్పుడు నాకు పిల్ల ఒక మబ్బులా కనిపిస్తోంది. ఏడుస్తోంది కాబట్టి మన పిల్లే అనుకుంటున్నా."

"ఎక్కడున్నారత్తయ్యా?"

"మీ లైబ్రరీ ఎదురుగానేనట. ఇక్కడి నర్సు రోడ్డు దాటించి తీసుకొస్తానంటోంది. నువ్వు చదువుకుంటూ ఉండు, నేను డిస్టర్బ్ చెయ్యను."

పావుగంటలో అత్తగారు నల్లకళ్ళద్దాలతో, చంకలో బుజ్జితో, ఇంకో చేతిలో పాలసీసాతో లైబ్రరీలోకి వచ్చి, ద్వారం దగ్గరున్న విగ్రహానికి "నమస్కారమండీ, మా కోడలు ఎక్కడుంది?" అని అడిగింది. విగ్రహం చెప్పకపోయేసరికి బుజ్జి చెప్పింది, గట్టిగా. తల్లిని చూసి వేసిన ఆ కేకకి చదువుకునే గదిలో నలభై తలలు లేచాయి.

లైబ్రేరియన్ ముగ్గురినీ బల్ల వెనక్కి లాక్కెళ్ళి, ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. గడియారం చూసింది. ఒకటిన్నర.

"ఏడుపు తర్వాత. ముందు ఇది చూడు. 'నిద్ర' అని ఒక్క మాట కొడితే ఎలుగుబంట్లు రాక ఏమొస్తాయి? 'పసిపిల్లల నిద్ర' అని కొట్టు. అటొక కొటేషన్ గుర్తు, ఇటొక కొటేషన్ గుర్తు పెట్టు. అప్పుడు ఆ రెండు మాటలూ పక్కపక్కన ఉన్నవే వెతుకుతుంది."

నాలుగు లక్షలు ఆరు వేలయ్యాయి. అక్కయ్య ఊపిరి తీసుకుంది.

"ఇప్పుడు ఎడమపక్క చూడు. 'పీర్ రివ్యూ అయినవి మాత్రమే' అని ఉందా? టిక్కు పెట్టు. గత పదేళ్ళు. టిక్కు. పూర్తి వ్యాసం దొరికేవి. టిక్కు."

అరవై ఒకటి మిగిలాయి.

"ఇదంతా పొద్దున్న కూడా ఇక్కడే ఉందా అండీ?"

"ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఎవరూ ఎడమపక్క చూడరు."

"ఏమిటమ్మా ఆ రివ్యూ?" అంది అత్తగారు తెరకి వ్యతిరేక దిక్కున చూస్తూ.

"అదే పని తెలిసిన మరో నలుగురు చదివి, తప్పులు పట్టి, సరే అన్నాకే అచ్చు వేస్తారండీ," అంది లైబ్రేరియన్.

"అంటే నలుగురు అత్తగార్లు రుచి చూసి ఒప్పుకున్న వంట. అట్లాంటిది లోకంలో అరవై ఒకటి ఉన్నాయా?"

అక్కయ్య బుజ్జిని ఒక మోకాలి మీద ఆడిస్తూ చదవడం మొదలుపెట్టింది. సారాంశం చదవడం, పనికొస్తే ఒక వాక్యం రాయడం, కింద ఉన్న ఆధారాల పట్టీలో ఇంకో మంచి వ్యాసం పేరు పట్టుకోవడం. నాలుగో వ్యాసం దగ్గర ఆమె ఒక విషయం గమనించింది. భయం ఎక్కడో కింద పడిపోయింది, చదవడం మాత్రం సాగుతోంది. తొమ్మిదేళ్ళ క్రితం ఇలాగే ఉండేది. ఈ మాట గుర్తుకు రాగానే భయం పరిగెత్తుకుంటూ తిరిగొచ్చింది గానీ, అప్పటికి తొమ్మిదో వ్యాసం కూడా రాసేసింది. మూడున్నరయింది.

పదోది పుస్తకం.

బల్ల ముందున్న గుంపు ఒక్కసారిగా మాట్లాడ్డం ఆపేసింది. అక్కయ్య తల ఎత్తకుండానే ఎవరొచ్చారో తెలిసింది. నుదురు వేడెక్కింది. చెప్పినట్టే జ్వరం.

ఎర్రపెన్ను మాస్టారు బల్ల దగ్గర నిలబడ్డారు. జేబులో పెన్ను ఉంది. చేతిలో పుస్తకం లేదు.

"పుస్తకమేదండీ?" అంది లైబ్రేరియన్. ఆ మాట అనడానికి ఆవిడ గొలుసు కూడా సర్దుకుంది.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "రెండు రోజులు గడువు కావాలి."

పట్టుపురుగుల ఆవిడ ఎలుగుబంట్ల ఆయన చెయ్యి గిల్లింది.

"నన్ను అడిగితే ఎట్లాగండీ. పుస్తకం అడిగినావిడని అడగాలి. ఇదిగో ఇక్కడే ఉంది."

మాస్టారు తిరిగి చూశారు. అక్కయ్య బుజ్జిని అడ్డం పెట్టుకుని లేచి నిలబడింది. ఏం మాట్లాడాలో తెలియక, క్లాసులో చేరినప్పటి నుంచీ చెవుల్లో మోగుతున్న మాటే నోటికొచ్చింది.

"కారణం?"

అన్నాక గానీ ఏమన్నదో తెలియలేదు. మాస్టారు మాత్రం క్లాసులో పిల్లల్లాగే కిందకి చూశారు.

"మనవరాలు," అన్నారు. "భోజనాల బల్ల దగ్గర కుర్చీ ఎత్తు చాలదు. ఆ పుస్తకం వేసి కూర్చోబెడతాం. పళ్ళొస్తున్నాయి. అట్ట కొరికేసింది. అతికించడానికి రెండు రోజులు పడుతుంది."

"ఆధారం?" అంది లైబ్రేరియన్.

మాస్టారు జేబులో చెయ్యి పెట్టి, ఎర్రపెన్ను పక్కనుంచి ఆకుపచ్చ అట్టముక్క ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. దాని అంచున నాలుగు బుల్లి పళ్ళ గాట్లు వరసగా ఉన్నాయి. గుంపంతా వంగి చూసింది. పరిశీలించడం అందరికీ వచ్చిన విద్యే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

"పర్లేదండీ," అంది అక్కయ్య, అలవాటు కొద్దీ.

"పర్లేదేంటే," అంది అత్తగారు నల్లకళ్ళద్దాలు సర్దుకుంటూ. ఆవిడకి మాస్టారు ఒక నిలువెత్తు మబ్బు. "నాలుగింటికి ఇవ్వకపోతే నీ సీటు పోతుందన్నావుగా? ఈయనెవరో పాపం మంచాయనలా ఉన్నాడు, పిల్లలున్న ఇల్లు, ఈయన్నేమీ అనకు. ఏమండీ, ఇక్కడ ఎర్రపెన్ను అని ఒకాయన ఉంటాడట. ఆయనెక్కడుంటాడో కాస్త చూపించండి. నేను మాట్లాడతా."

లైబ్రరీలో అంత నిశ్శబ్దం ఆ లైబ్రేరియన్ తన ఉద్యోగంలో ఎన్నడూ వినలేదు. అక్కయ్య కళ్ళు మూసుకుంది. మూసుకున్న కళ్ళ వెనక షరతు కాగితం నాలుగు మడతలూ విప్పుకుని కనిపించింది.

"ఏం మాట్లాడతారు?" అన్నారు మాస్టారు.

"ఏముంది బాబూ. ఈ పిల్ల పగలు ఇంటి పని చేసి, ఒళ్ళో బిడ్డని ఊపుతూ చదువుతుంది. భయపడుతూనే చదువుతుంది. గడువు పెట్టండి, తప్పులేదు. కానీ అడిగితే కొరికేస్తాడన్నంత భయం దేనికి అని అడుగుతా."

మాస్టారు ఆధారాలు ఎందుకు చూపించాలో, ఎవరు చూసినదాన్ని ఎవరు నమ్మాలో, అచ్చు పుస్తకం నియమం తాను ఎందుకు పెట్టారో, అత్తగారికి ఒక్కొక్కటిగా వివరించడం మొదలుపెట్టారు. ఆయన గొంతు ఎత్తు మారదు, ఆగదు. రెండో నిమిషంలో బుజ్జి తల అక్కయ్య భుజం మీద వాలింది. నాలుగో నిమిషంలో చిన్న గురక వినిపించింది.

"పడుకుందా?" అంది అత్తగారు నమ్మలేక. తడిమి చూసింది. "బాబూ, తమరు సాయంత్రాలు ఇంటికొచ్చి కూడా ఇది చెప్తారా?"

నాలుగింటికి ఎనిమిది నిమిషాలు ఉంది. అక్కయ్య నిద్రపోతున్న పిల్లని కదలనివ్వకుండా, ఒంటిచేత్తో జాబితా తీసి, పదో వరసలో రాసింది. రాసేటప్పుడు పెన్ను ఆగింది. పేజీ నంబరు వేస్తే అబద్ధం. వేయకపోతే సీటు. చివరికి ఉన్నది ఉన్నట్టే రాసి, చెయ్యి చాపి ఇచ్చింది.

మాస్టారు తొమ్మిది వ్యాసాలూ ఒక్కొక్కటీ ఆగి ఆగి చదివారు. పదో వరసలో పుస్తకం పేరు ఉంది. దాని పక్కన, "చేత్తో పట్టుకుని చూడలేదు, మాస్టారి ఇంట్లో ఉంది, మనవరాలు కూర్చుంటోంది" అని ఉంది. ఆయన జేబులోంచి పెన్ను తీశారు. అక్కయ్య ఊపిరి బిగబట్టింది. పట్టుపురుగుల ఆవిడా బిగబట్టింది.

కాగితం తిరిగి చేతికొచ్చింది. గడువులోగా అందినట్టు పైన తేదీ, సంతకం. కింద పదో ఆధారం పక్కన, ఎర్ర సిరాతో, గుండ్రటి అక్షరాలతో ఒక వాక్యం ఉంది.

"పరిశీలించాను, నిజమే."